చోడవరం పాఠక సూత్రాలు: ‘కాలక్షేపిణి’ అనే టీకా తాత్పర్యంతో

అవతారిక

కావ్యాలకు టీకలున్నాయి, టీకలకు టిప్పణులున్నాయి. కాళిదాసు మూడు కావ్యాలకూ మల్లినాథసూరి ‘సంజీవని’ రాశాడు. ప్రబంధాలకు వావిళ్ళవారు టీకా తాత్పర్యాలతో అచ్చులు వేశారు. అద్దెకు తెచ్చిన నవల చదివి ఆఖరి పేజీలో రెండు ముక్కలు గిలికిన మనిషికి మాత్రం ఇంతవరకూ ఒక్క వ్యాఖ్యాత దొరకలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ‘కాలక్షేపిణి’. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యాత అంత సాహసం చెయ్యడు.

ముందుగా విఘ్నేశ్వర ప్రార్థన. చోడవరంలో అందుకు దూరం వెళ్ళక్కర్లేదు. ఇక్కడ స్వయంభువుగా వెలసిన వినాయకుడి నడుము పై భాగమే దర్శనమిస్తుంది, తొండం చివర కనిపించదని భక్తులు చెబుతారు. కొంత చూపించి కొంత దాచి, చూసినవాణ్ణి మళ్ళీ రప్పించుకునే స్వామికి సీరియల్ నవలల వ్యాఖ్యాత కాక ఇంకెవరు మొక్కాలి?

ఇక మూలప్రతి. ఊళ్ళో ఒక అద్దె పుస్తకాల కొట్టు మూతపడి, సరుకంతా పాతకాగితాల కింద తూకానికి పోయింది. అందులో కొన్ని నవలలు వ్యాఖ్యాత చేతికి చిక్కాయి. రచయితలు వేరు, అట్టలు వేరు. ఆఖరి ఖాళీ పేజీలో ఉన్న చేతిరాత మాత్రం అన్నిటా ఒక్కటే. ‘పుస్తకంపై రాసినవారికి జరిమానా’ అన్న రబ్బరు ముద్ర పక్కనే ఆ చెయ్యి ధైర్యంగా తన అభిప్రాయం రాసింది. మూలకర్త సంతకం చెయ్యకపోవడానికి వినయం కారణమని కొందరంటారు. జరిమానా కారణమని వ్యాఖ్యాత మతం.

కాలనిర్ణయం: ముద్రలో ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉంది. చోడవరం 2022 ఏప్రిల్ 4న కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. కాబట్టి సూత్రాలన్నీ ఆ తేదీకి ముందువేనని పూర్వపక్షం. జిల్లా మారినంత సులువుగా రబ్బరు ముద్ర మారదని, అరిగేదాకా అదే కొడతారని సిద్ధాంతం.

భాష: మూలం ఈ ప్రాంతపు నోటిమాట. ‘చ’ చాలాచోట్ల ‘స’ అయింది, ‘లేదు’ ‘నేదు’ అయింది. ఇది వ్యాకరణదోషమనే పండితులు ఒక్కసారి అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం బేరం చేసి రావాలి. ఎవరి భాషలో దోషముందో అక్కడ తేలుతుంది.

అనుబంధ చతుష్టయం

శాస్త్రం మొదలుపెట్టేముందు నాలుగు చెప్పాలి. విషయం: ఇటీవల చదివిన జనరంజక నవలలు. ప్రయోజనం: తరువాత అద్దెకు తీసుకునేవాడి డబ్బు కాపాడటం. సంబంధం: పుస్తకానికీ పాఠకుడికీ మధ్య రోజువారీ అద్దె. ఇక అధికారి, అంటే అభిప్రాయం చెప్పే అర్హత ఎవరికుంది అన్న ప్రశ్న. సంస్కృతం, ఛందస్సు, కనీసం ఎమ్మే తెలుగు ఉండాలని ఒక వర్గం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కట్టే ప్రతి మనిషీ అధికారేనని వ్యాఖ్యాత పక్షం. ఎనిమిది పైసలకు ఒక అభిప్రాయం ఎక్కువేమీ కాదు.

ప్రథమ సూత్రం

మూలం: రాజశేఖరం కారెక్కీలోగా నా బస్సు ఎల్లిపోనాది.

ప్రతిపదార్థం: రాజశేఖరం = యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలా నాయకుడు; కారు = నాయకుడికి ఉండి తీరవలసినది; ఎక్కీలోగా = ఎక్కేలోపల, అనగా ఆ పేజీ పూర్తయ్యేలోపల; నా = మూలకర్తదైన; బస్సు = చోడవరం నుంచి అనకాపల్లి పోవునది; ఎల్లిపోనాది = వెళ్ళిపోయినది, తరువాతిది ఎప్పుడో చెప్పువారు లేరని భావం.

తాత్పర్యం: బస్టాండు బల్ల మీద ‘సెక్రటరీ’ చదువుతుండగా నాయకుడు కారు దగ్గరికి నడిచాడు. జయంతి అతన్ని చూసిందా లేదా అన్నది తేలాలి. తేలేలోపు బస్సు వచ్చి, ఆగి, జనాన్ని ఎక్కించుకుని పోయింది. నవల అంత బాగుందని మూలకర్త అభిప్రాయం. ‘బాగుంది’ అన్న మాట మాత్రం ఎక్కడా వాడలేదు.

అలంకారం: అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉండటం దీని లక్షణం. కారు ఎక్కినవాడు నవలలో ఉన్నాడు. బండి తప్పినవారు చోడవరంలో ఉన్నారు. ఆలంకారికులు దీనికి వెతికి వెతికి ఉదాహరణలు కట్టారు. మన మూలకర్తకు బస్టాండులో కూర్చుంటే దొరికింది.

విశేషం: రాజశేఖర నామం మీద కొంత విచారణ అవసరం. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878 నుంచి ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా వచ్చి 1880లో పుస్తకమైంది. మొదటి తెలుగు నవల అదేనా, 1872 నాటి ‘శ్రీరంగరాజు చరిత్ర’నా అన్న వివాదం పండితులకు వదిలేద్దాం. ఆ రాజశేఖరుడు ధవళేశ్వరం గృహస్థు. పొగడ్తలకు పొంగిపోయి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి, ఆస్తి పోగొట్టుకుని కాశీ దారి పట్టాడు. 1960ల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడివారి రాజశేఖరం ప్రత్యక్షమయ్యేనాటికి పోయిన ఆస్తి వడ్డీతో సహా తిరిగొచ్చింది. 1976లో సినిమా అయ్యేసరికి అతనికి అక్కినేని ముఖం కూడా వచ్చింది. నవల మొదలైన తొంభై ఏళ్ళకి నాయకుడు కారు కొన్నాడు. పాఠకులు ఇంకా బస్సులోనే ఉన్నారు.

ఈ తేడాను పట్టుకుని ‘ఊహల్లో బతికించే నవలలు’ అని విమర్శకులు చాలా కోప్పడ్డారు. కారున్నవాడు కారున్న నాయకుడి కథ చదవడానికి అంత ఆత్రపడడన్న సంగతి వాళ్ళకు తట్టలేదు. పైగా ఈ నవలల్లో ఇంకో బేరం నడుస్తుంది. కారు అతనిది, ఆత్మాభిమానం ఆమెది. చివరికి కారే వంగుతుంది. రోజూ పై అధికారి ముందు వంగి ఇంటికొచ్చే మనిషికి ఆ ముగింపు ఎంత అవసరమో ప్రథమ సూత్రంలో బస్సు సాక్షి.

ద్వితీయ సూత్రం

మూలం: బయమేసింది. నమ్మనేదు. రేత్రి పెరట్లోకెల్లనేదు.

ప్రతిపదార్థం: బయము + ఏసింది = భయము కలిగినది; నమ్మనేదు = విశ్వసింపలేదు; రేత్రి = రాత్రియందు; పెరట్లోకి = ఇంటి వెనుక జాగాలోకి; ఎల్లనేదు = పోలేదు, పోవలసిన అవసరమున్ననూ అని అధ్యాహారం.

తాత్పర్యం: ఇది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వెనక రాసినది. చిన్నపిల్ల తులసి మీద కాష్మోరా అనే క్షుద్రప్రయోగం జరగడం ఇందులో ఇతివృత్తం. మూలకర్త కాష్మోరాను నమ్మలేదు. కానీ ఆ రాత్రి పెరటి తలుపు గడియ తియ్యలేదు.

రసవిచారం: స్థాయిభావం భయం. ఆలంబనం కాష్మోరా. ఉద్దీపనం కరెంటు పోవడం. అనుభావం తెల్లారేదాకా ఉగ్గబట్టుకోవడం. శంక, త్రాసం సంచారులు. ఇన్ని కుదిరాక భయానకరసం పండకపోవడానికి వీల్లేదు.

శంక: నమ్మనివారికి భయమెందుకు? భయపడ్డవారు నమ్మలేదని ఎలా అంటారు?

సమాధానం: ఇది విరోధాభాసం. బుద్ధి నమ్మలేదు, కాళ్ళు నమ్మాయి. ఇద్దరికీ రచయిత వేర్వేరుగా మేత వేశాడు. క్షుద్రవిద్యనూ వైద్యశాస్త్రాన్నీ పక్కపక్కనే నడిపించాడు. బుద్ధి ఆసుపత్రి వైపు చూస్తుండగా కాళ్ళు శ్మశానం వైపు చూస్తాయి.

విశేషం: 1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ఈ సీరియల్ నడిచినప్పుడు రాష్ట్రమంతా గడియ పడింది. ఆ వెంటనే బొమ్మలూ సూదులూ నిమ్మకాయలూ పట్టుకుని చాలామంది రచయితలు బయలుదేరారు. ‘క్షుద్ర సాహిత్యం’ అని విమర్శకులు పేరుపెట్టి తిట్టారు. ఆ తిట్టును కొట్టిపారెయ్యడానికి లేదు. చోడవరం నుంచి మాడుగుల దాటి కొండలెక్కితే చిల్లంగి, అంటే చేతబడి, చేశారన్న అనుమానంతో మనుషుల్ని చావగొట్టిన వార్తలు మన పత్రికల్లోనే వచ్చాయి. అక్కడ భయం రసం కాదు, ఆయుధం. నాలుగు గోడల మధ్య అద్దె నవల చదివి భయపడటం వేరు, భయపడి పొరుగింటి ముసలిదాని మీదికి కర్రతో వెళ్ళడం వేరు. మూలకర్త రెండో వాక్యం ఆ రెండిటి మధ్య గీసిన గీత. మూడు వాక్యాల సూత్రంలో ‘నమ్మనేదు’ నడుమన ఉండటానికి కారణమిదే. అది తీసేస్తే మిగిలేది భయమూ చీకటీ.

తృతీయ సూత్రం

మూలం: సావడని తెల్సు. అయినా కంగారు. పాలు పొంగిపోనాయి.

ప్రతిపదార్థం: సావడని = మరణింపడని; తెల్సు = ముందే ఎరుక; అయినా = ఎరుక ఉన్ననూ; కంగారు = గుండె దడ; పాలు = పొయ్యి మీదివి; పొంగిపోనాయి = పాత్ర దాటినవి.

తాత్పర్యం: కర్త ఎవరో చెప్పకపోయినా మధుబాబు సృష్టించిన గూఢచారి షాడో అని పుస్తకం అట్ట చెబుతోంది. షాడో చావడు. చస్తే వచ్చే నెల నవల ఉండదు. ఈ అర్థశాస్త్రం మూలకర్తకు తెలుసు. తెలిసీ కంగారుపడ్డారు.

శంక: ఫలితం తెలిశాక ఉత్కంఠ ఎలా సాధ్యం?

సమాధానం: హరికథకు వెళ్ళినవారిని అడగాలి. రావణుడు చస్తాడని తెలియనివాడు ఆ పందిట్లో ఒక్కడూ ఉండడు. అయినా లక్ష్మణుడు మూర్ఛపోతే అందరూ పైటలూ కండువాలూ తడుపుకుంటారు. ఏం జరుగుతుందన్నది కాదు కంగారు, ఎలా బయటపడతాడన్నది. మన జనానికి ఈ చదువు పురాణాల దగ్గరే అయిపోయింది. మధుబాబు తయారైన పొలంలో విత్తనం చల్లుకున్నాడు. ఆయనకు ముందు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, సహాయకుడు రాజునీ పంపి ఆ పొలాన్ని ఒకసారి దున్నించాడు.

నాయకుణ్ణి నిజంగా చంపితే ఏమవుతుందో ఇంగ్లండులో తేలింది. 1893లో కానన్ డాయిల్ విసుగెత్తి షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలోకి తోశాడు. పాఠకులు ఊరుకోలేదు. 1903లో ఆయనే కథల్లోకి తిరిగి తీసుకురావలసి వచ్చింది. జనరంజక నవలలో నాయకుడి ఆయుష్షు రచయిత చేతిలో ఉండదు, చందాదారుడి చేతిలో ఉంటుంది.

మూలకర్త లింగనిర్ణయం: పాలు పొంగాయన్నారు కనుక స్త్రీ అని ఒక వర్గం. ప్రథమ సూత్రంలో పనికి పోయే బస్సు ఉంది కనుక పురుషుడని ఇంకో వర్గం. ఈ ఇద్దరూ పొద్దుటి బస్సు ఎక్కని పండితులే. పాలు పొంగించి, పొయ్యి తుడిచి, క్యారేజీ సర్దుకుని, ఆ బస్సుకే పరుగెత్తే మనుషులుంటారు. వాళ్ళని సగం సగం చేసి పంచుకోవడం తగదు. అందుకే ఈ వ్యాఖ్య అంతటా ‘మూలకర్త రాశారు’ అనే ఉంటుంది.

చతుర్థ సూత్రం

మూలం: మాటలు బాగున్నాయి గాని పోను బిల్లెవుడు కట్టేడు?

ప్రతిపదార్థం: మాటలు = సంభాషణలు; బాగున్నాయి = హృద్యములు; గాని = అంతటితో వదలను అని సూచన; పోను = ఫోను; బిల్లు = నెలాఖరున వచ్చునది; ఎవుడు కట్టేడు = చెల్లించినవాడెవడు.

తాత్పర్యం: యండమూరి నవల ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో చదరంగం ఆటగాడు రేవంత్‌కి ఫోనులో ఒక అమ్మాయి గొంతు పరిచయమవుతుంది. ఊరూ ముఖమూ తెలియవు. తెలుసుకోవడమే పందెం. ఆ మాటల చాతుర్యానికి మూలకర్త ముగ్ధులయ్యారు. ముగ్ధులైనా లెక్క మరిచిపోలేదు.

విశేషం: ఇది చవకబారు ప్రశ్న అనుకోరాదు. ఔచిత్యమే రసానికి ప్రాణమని క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’ అని ఒక గ్రంథమే రాశాడు. చోడవరంలో ఆ గ్రంథాన్ని ఆరు మాటల్లోకి కుదించారు. ట్రంక్ కాల్ బుక్ చేసి, నంబరు కలిసేదాకా పోస్టాఫీసు బల్ల మీద కూర్చున్న తరానికి ఫోను మాట అంటే గడియారం ముల్లు. మూలకర్త ఆ తరంవారేనని దీనివల్ల రుజువవుతోంది. ఈనాటి కుర్రవాడైతే రీఛార్జి ఎవరు చేయించారని అడిగేవాడు.

జనరంజక నవలకూ, పండితులు మెచ్చే నవలకూ తేడా ఈ సూత్రంతో చక్కగా తూచవచ్చు. విశాఖ వకీలు రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య, గవరయ్య దగ్గర తీసుకున్న డబ్బు తలుచుకుని నవల పొడవునా వణుకుతాడు. ఆ పుస్తకంలో ప్రతి రూపాయికీ చెమట వాసన ఉంటుంది. జనరంజక నవలలో బిల్లులు వాటంతటవే చెల్లిపోతాయి. పాఠకుడు రెండోదాన్ని ఎక్కువగా అద్దెకు తీసుకుంటాడు. సుబ్బయ్య వణుకు అతనికి ఇంట్లోనే ఉచితంగా దొరుకుతోంది.

పాఠభేదం: ప్రశ్న కింద వేరే రంగు సిరాతో ‘ఏడిసేను’ అని ఒక్క మాట ఉంది. ఇది ప్రక్షిప్తమని, మరొకరు చేర్చారని శంక. చేతిరాత అదే కనుక ప్రక్షిప్తం కాదు. నవల సగంలో బిల్లు సంగతి అడిగి, విషాదాంతం చేరాక పెన్ను మార్చి ఈ మాట రాశారని నిర్ణయం. కన్నడిగులు ఈ నవలనే 1995లో ‘బెళదింగళ బాలె’గా సినిమా తీసుకున్నారు. అంటే ఏడవడానికి భాషాభేదం అడ్డు రాలేదు. బిల్లు ప్రశ్నకు జవాబు మాత్రం ఏ భాషలోనూ రాలేదు.

పంచమ సూత్రం

మూలం: తరవాయి బాగం రేపంట. నా రేపు ఆడికేటి తెల్సు?

ప్రతిపదార్థం: తరవాయి బాగం = కథలో మిగిలినది; రేపంట = మరునాడని చెప్పుచున్నారు; నా రేపు = మూలకర్త మరునాటి పనులు, అవి చెప్పరానన్ని; ఆడికి = రచయితకు, లేక యాప్‌కు; ఏటి తెల్సు = ఏమియు తెలియదని కాకువు.

తాత్పర్యం: ఈ సూత్రం పుస్తకం మీద లేదు. ఫోనులో చదివిన సీరియల్‌కి ఆఖరి ఖాళీ పేజీ ఉండదు కనుక మూలకర్త కరెంటు బిల్లు వెనక రాసి, నవలల మధ్య దాచారు. బెంగళూరులో 2014లో పుట్టిన ‘ప్రతిలిపి’ వంటి వేదికల్లో ఇప్పుడు తెలుగు సీరియళ్ళు లెక్కలేనన్ని. ఆగలేనివారు నాణేలు చెల్లించి తరువాతి భాగం తెరుచుకోవచ్చు, ఆగగలిగినవారు ఎదురుచూడవచ్చు. మూలకర్త మూడో దారి పట్టారు: తిట్టారు.

విశేషం: వారపత్రికల కాలంలో ‘సశేషం’ అన్న మాట ఊరందరికీ ఒకేరోజు తగిలేది. శారదానది ఇవతలా అవతలా జనం ఒకే మలుపు దగ్గర ఒకే వారం నిలబడి ఉండేవారు. మర్నాడు పనిలో, పెళ్ళిపందిట్లో, కాటా దగ్గర చెరకు బళ్ళ వరసలో అదే చర్చ. ఆ పిల్ల బతుకుతుందా? వాడు నిజం చెబుతాడా? ఇప్పుడు సశేషం ఎవరి ఫోనులో వారిది. ఒకరు నాణెం చెల్లించి నలభయ్యో భాగంలో ఉంటే పక్కవారు ఏడో భాగంలో ఉంటారు. మాట్లాడుకోవడానికి వీలు లేదు, కథ చెప్పేశావని తగువు వస్తుంది. మూలకర్త ‘మా రేపు’ అనకుండా ‘నా రేపు’ అనడంలో ఈ ఒంటరితనం ధ్వనిస్తోంది.

సశేషం బాధ పడలేనివారికి ‘చతుర’ ఉండేది. 1978లో మొదలై నెలకో పూర్తి నవల చేతిలో పెట్టేది. 2021లో ఆగిపోయింది. స్వాతి మాసపత్రికతో వచ్చే అనుబంధ నవల కోసం పోస్టుమాన్‌కి ఎదురెళ్ళినవారు ఈ మండలంలోనూ ఉన్నారు. ఒకే రాత్రిలో మొదలూ తుదీ తెలిసే ఆ సుఖం గురించి మూలకర్త సూత్రం రాయలేదు. చదువుతూ తెల్లారిపోయి ఉంటుంది.

షష్ఠ సూత్రం

మూలం: మొదలు రసం. నడుమ రసం. సివర పిప్పి.

ప్రతిపదార్థం: మొదలు = ఆరంభమందు; నడుమ = మధ్యమందు; రసం = రసమే; సివర = అంతమందు; పిప్పి = రసము పోగా మిగిలినది.

తాత్పర్యం: ఏ నవల గురించో తెలియదు. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. ఒకందుకు మేలే. ఏ నవలకైనా వర్తిస్తుంది.

శంక: ఇక్కడ రసమంటే భరతముని చెప్పినదా, గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో తీసేదా?

సమాధానం: శ్లేష. అయినా గోవాడ అర్థమే బలమైనది. చోడవరం మనిషికి చెరకు మొదలు నమిలితే తీపి, కొసకి పోయేకొద్దీ చప్పన అని శాస్త్రం చదవకుండానే తెలుసు. భరతుడి లెక్క దీనికి తలకిందులు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం దాటి నిర్వహణ సంధిలో అన్ని పాయలూ కలిసి రసం గట్టిపడాలంటాడు. నవల నాటకం లాగా ఉండాలని పండితుడు కోరితే, చెరకు లాగా ఉందని మూలకర్త చెప్పారు.

విశేషం: చివర్లు ఎందుకు తేలిపోతాయి? రచయితల చేతకానితనం అనుకోవడం తేలిక. అసలు కారణం పత్రిక పద్ధతిలో ఉంది. సీరియల్ వారం వారం రాస్తూ పోయేది. జనానికి నచ్చితే సాగదీయమంటారు. సాగదీసేకొద్దీ పాత్రలు పెరుగుతాయి, ముళ్ళు పెరుగుతాయి. ఈలోగా ఇంకో రచయిత సీరియల్ ప్రకటన పడుతుంది. ఇక నాలుగు వారాల్లో ముగించాలి. అప్పుడు విలన్‌కి గుండెపోటు వస్తుంది, తప్పిపోయిన అన్న పుట్టుమచ్చతో దొరుకుతాడు, రెండేళ్ళ అపార్థం రెండు పేరాల్లో తీరిపోతుంది. డికెన్స్ అంతటివాడు ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ని 1860, 61ల్లో వారం వారం రాసి, స్నేహితుడు బుల్వర్ లిట్టన్ సలహా విని చివర మార్చాడు. ఏ ముగింపు మేలన్న తగువు ఇప్పటికీ తెగలేదు.

ఇంకో సంగతి. చివర పిప్పి అని తెలిసిందంటే మూలకర్త చివరిదాకా నమిలారన్న మాట. మధ్యలో పారేసినవారికి ఈ సూత్రం రాసే అర్హత ఉండదు. సమీక్షకుల్లో ఎందరికి ఉందో వారే చెప్పుకోవాలి.

సప్తమ సూత్రం

మూలం: నాకు నచ్చనేదు. పక్కింటోలకి నచ్చింది. మల్లీ సదవాల.

ప్రతిపదార్థం: నాకు నచ్చనేదు = నా అభిప్రాయము ప్రతికూలము; పక్కింటోలకి = పొరుగువారికి; నచ్చింది = వారి అభిప్రాయము అనుకూలము; మల్లీ = తిరిగి; సదవాల = చదవవలెను.

తాత్పర్యం: ఒక నవల గురించి రెండిళ్ళ మధ్య అభిప్రాయభేదం వచ్చింది. మూలకర్త తన మాట వెనక్కి తీసుకోలేదు, పక్కింటివారికి బుద్ధి లేదనీ అనలేదు. మరోసారి చదవాలని తీర్మానించారు.

విశేషం: శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షాన్ని ఓడించడమే పద్ధతి. పూర్వపక్షం గోడ అవతలే ఉండి, రేపు పొద్దున్న దాని దగ్గరే చారెడు పంచదార అడగవలసి వస్తే పద్ధతి మారుతుంది. అభినవగుప్తుడు సహృదయుడి గురించి చాలా చెప్పాడు. ఒకరికి నచ్చనిది ఇంకొకరికి ఎందుకు నచ్చిందో తెలుసుకోవడానికి రెండోసారి అద్దె కట్టినవారిని ఏమనాలో చెప్పలేదు.

సంగ్రహం

ఏడు సూత్రాల్లో ‘ఇది సాహిత్యమా?’ అన్న ప్రశ్న ఒక్కచోటా లేదు. శైలి, శిల్పం, సామాజిక ప్రయోజనం అన్న మాటలు లేవు. ఉన్నవేమిటి? తప్పిన బస్సు, తియ్యని పెరటి గడియ, పొంగిన పాలు, ఎవరూ కట్టని బిల్లు, ఎవరికీ తెలియని రేపు, నమిలిన పిప్పి, రెండో అద్దె. విమర్శకుడు పుస్తకంలో ఏముందో చెబుతాడు. ఈ మూలకర్త ఆ పుస్తకం తన దగ్గర ఏం తీసుకుపోయిందో రాసి పెట్టారు. తీరిక ఉన్నవాడికి రెండోది చిన్న సంగతి. పొద్దుటి బస్సుకీ రాత్రి పొయ్యికీ మధ్య అరగంట మిగుల్చుకున్న మనిషి ఆ అరగంటను ఒక కట్టుకథకు ఇచ్చాక, అది దండగో కాదో తేల్చే లెక్క వేరొకరి చేతిలో పెట్టడం కుదరదు. ‘టైంపాస్’ అని మనం చులకన చేసే మాట వాళ్ళ నోట వచ్చినప్పుడు తీర్పు, ఎందుకంటే పాసైన టైము వాళ్ళది.

అందుచేత ప్రచురణకర్తలకు ఒక మనవి. నవల చివర మిగిలిన పేజీలన్నీ మీ ఇతర పుస్తకాల ప్రకటనలతో నింపకండి. ఒకటి తెల్లగా వదలండి. అచ్చుఖర్చు ఎలాగూ పాఠకుడి దగ్గరే వసూలవుతోంది.

ఫలశ్రుతి: ఈ సూత్రాలను టీకా తాత్పర్య సహితంగా చదివినవారికి నవలా పఠనంలో కలిగే నష్టాలు సహింపదగినవవుతాయి. పాలు మాత్రం ఎవరివి వారే చూసుకోవాలి.

గద్య: ఇది చోడవరం బీఎన్ రోడ్డు ధూళిధూసరిత గాత్రుండును, అద్దెపుస్తక వ్యసన పరాయణుండును, సకల పఠితజన విధేయుండును అగు అనామక వ్యాఖ్యాతచే రచియింపబడిన ‘కాలక్షేపిణి’ యను వ్యాఖ్యానంబు సర్వంబును సమాప్తము. సశేషము లేదు.